‘అంతు చూస్తా’ అంటే ఏమిటి?

పోయినసారి గుంటూరు వెళ్లినప్పుడు బ్రాడీపేటలో అక్క వాళ్లింట్లో వారం రోజులున్నాను. మా మేనల్లుడు కేంద్ర నిఘా సంస్థ ఇంటెలిజెన్స్ బ్యూరో, అదే ఐబీ ఉద్యోగాలకు చదువుతున్నాడు. వాడు హాల్లో మాక్ టెస్ట్ రాస్తున్నంతసేపూ అక్క కుక్కర్ పెట్టదు. గంటలో 100 ప్రశ్నలు, తప్పు రాస్తే పావు మార్కు కోత. విజిల్ వస్తే లెక్క తప్పుతుందని టెన్షన్.

వాడు రెండు పోస్టులకు అప్లై చేశాడు. ఒకటి సెక్యూరిటీ అసిస్టెంట్. పదో తరగతి పాసైతే చాలు, మూల వేతనం 21,700తో మొదలు. ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం వాళ్లనే తీసుకుంటారు. మనకు విజయవాడ కేంద్రం ఉంది. దీనికి స్థానిక భాష వచ్చి తీరాలి. రెండో దశలో 500 పదాల భాగాన్ని తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి, ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి మార్చాలి. రెండో పోస్టు ఏసీఐఓ, అంటే అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్. డిగ్రీ కావాలి, మూల వేతనం 44,900తో మొదలు. 2025లో వీటికి 3,717 ఖాళీలు ప్రకటించారు. దీని రెండో దశలో వ్యాసం, ఇంగ్లిష్ కాంప్రహెన్షన్ లాంటివి, ఆపైన ఇంటర్వ్యూ. తెలుగు ఊసే లేదు. కింది పోస్టుకు భాష కావాలి, పై పోస్టుకు అక్కర్లేదు. ఇది నాకు మింగుడు పడలేదు.

ఒక సాయంత్రం ప్రాక్టీస్ కోసం పేపర్లో జిల్లా పేజీ నుంచి ఒక వార్త తీసుకుని ఇంగ్లిష్‌లోకి మారుస్తున్నాడు. పొలం గట్టు దగ్గర అన్నదమ్ముల తగాదా. అందులో పెద్దాయన ‘నీ అంతు చూస్తా’ అన్నాడు. వీడు ‘ఐ విల్ సీ యువర్ ఎండ్’ అని రాసి, దాని కింద గీత గీసి, పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాడు. “మావయ్యా, ఇది చదివితే చంపేస్తానన్నట్టు లేదూ?” అన్నాడు. నిజమే. బ్యాట్ ఇవ్వని ఫ్రెండ్‌తో పదేళ్ల పిల్లాడూ ఆ మాటే అంటాడు, చొక్కా కింద కత్తి దాచుకున్నవాడూ ఆ మాటే అంటాడు. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, అది ఎన్నోసారి అన్నది తెలిస్తే తప్ప తేడా పట్టుకోలేం. ఆ తేడా చెప్పడమే కదా నిఘా ఉద్యోగం!

అమెరికా వాళ్లు ఈ బాధ ఎప్పుడో పడ్డారు. 1951లో యుగోస్లావియాపై దాడి జరిగే అవకాశం ‘సీరియస్‌గా ఉంది’ అని అక్కడి గూఢచార సంస్థ సీఐఏ అంచనా నివేదికలో రాశారు. దాని వెనక ఉన్న షెర్మన్ కెంట్ లెక్కలో అది దాదాపు 65 శాతం. తన బృందంలో వాళ్లను అడిగితే ఒకరు 20 అన్నారు, ఒకరు 80 అన్నారు. ఒకే వాక్యం మీద అందరూ సంతకం చేశారు, మనసులో మాత్రం ఎవరి లెక్క వారిదే. కెంట్ యేల్ యూనివర్సిటీలో చరిత్ర బోధించి వచ్చిన మనిషి. 1964లో దీన్ని తనే విడమరిచి రాశాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, అక్కడి నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఆఫీసు అడిగితే, నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ అనే బయటి సంస్థ ఒక కమిటీ వేసి 2011లో నివేదిక ఇచ్చింది. ఛైర్మన్ బరూక్ ఫిష్‌హాఫ్, మనుషులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో అధ్యయనం చేసే మనస్తత్వ శాస్త్రవేత్త. వాళ్లు చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చింది ఇది: అంచనాను అంకెల్లో చెప్పించండి, రాసి పెట్టుకోండి, తర్వాత ఏం జరిగిందో చూసి ఎవరి అంచనా ఎంత నిజమైందో లెక్క తేల్చండి. మనుషుల్ని ఎంచుకోవడం, ప్రమోషన్ ఇవ్వడం, నిలబెట్టుకోవడం కూడా ఇలాంటి రుజువుల మీదే జరగాలన్నారు.

మన దేశంలో బయటివాళ్లను అడగలేదని కాదు. కార్గిల్ యుద్ధం తర్వాత 1999 జులైలో రక్షణ వ్యవహారాల నిపుణుడు కె. సుబ్రహ్మణ్యం గారి అధ్యక్షతన వేసిన కమిటీలో పత్రికా సంపాదకుడు బి.జి. వర్గీస్ ఉన్నారు, రిటైరైన జనరల్ ఉన్నారు. ఆ కమిటీ చేసిన మేలు పెద్దది. దాని తర్వాత ఇంటెలిజెన్స్ మీద వేసిన టాస్క్‌ఫోర్స్‌కు మాత్రం విదేశీ నిఘా సంస్థ ‘రా’ మాజీ అధిపతి గిరీష్ సక్సేనా నాయకత్వం వహించారు. ఆయన అనుభవాన్ని తక్కువ చేయడం లేదు. కానీ మనుషుల్ని ఎలా ఎంచాలన్న ప్రశ్నకు భాషాశాస్త్రం చెప్పే ప్రొఫెసర్, పరీక్షలు తయారుచేయడంలో నిపుణుడు, మనస్తత్వ శాస్త్రవేత్త కావాలి. రహస్యాలు బయటికి పోతాయన్న భయం దీనికి అడ్డు రాకూడదు. పరీక్ష సిలబస్ ఏం రహస్యం? నోటిఫికేషన్‌లోనే ఉంటుంది కదా.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఏసీఐఓ పరీక్షలో మాతృభాష పేపరు పెట్టాలి, మార్కులు లెక్కలోకి రావాలి. తెలుగు రాని అధికారి తెలుగు సమాచారాన్ని అనువాదంలోనే చదువుతాడు. కింద ఒక మాట జారితే పైన పట్టుకునేవాడు ఉండడు.

నిలబెట్టుకోవడం గురించి కూడా ఒక మాట. మా పిన్ని కొడుకు ఒక కేంద్ర ప్రభుత్వ శాఖలో నాలుగేళ్లు చేసి మానేశాడు. వెళ్లేటప్పుడు నో డ్యూస్ కాగితం మీద ఏడు సంతకాలు తెమ్మన్నారు. ఎందుకు వెళ్తున్నావని ఒక్కరూ అడగలేదు. ఐబీలో మూల వేతనం మీద 20 శాతం ప్రత్యేక భద్రతా భత్యం ఇస్తున్నారు, మంచిదే. అయితే స్వతంత్రం వచ్చాక డైరెక్టర్ కుర్చీలో కూర్చున్నవాళ్లంతా పోలీసు సర్వీసు వాళ్లే, ఐబీ పరీక్ష రాసి చేరినవాళ్లు కాదు. చేసిన పని ఇంట్లో కూడా చెప్పుకోలేని మనిషికి, పైకి వెళ్లే దారి కూడా కనపడకపోతే భత్యం ఎన్నాళ్లు ఆపుతుంది? బయటి నిపుణులు ముందు కలవాల్సింది ఉద్యోగం వదిలేసినవాళ్లను.

నేను తిరిగి వచ్చే ముందు రోజు రాత్రి వాడు అదే వార్త మళ్లీ తీశాడు. ఈసారి ఆ వాక్యానికి మెతకగా ఒక అనువాదం రాసి, దాని కింద సొంతంగా రెండు లైన్లు చేర్చాడు. ఇది కోపంలో అన్న మాట కావచ్చు, కానీ ఇదే మనిషి గతంలో కూడా అని ఉంటే వెళ్లి చూడాలి అని. చదివి భుజం తట్టాను. వాడు మాత్రం ఫోన్లో టైమ్ చూసుకుని ఆ రెండు లైన్లూ కొట్టేశాడు. “అనువాదానికే మార్కులు మావయ్యా, వీటికి లేవు” అన్నాడు.