చోరకళను కాపాడుకుందాం

అరవై నాలుగు కళల్లో చోరకళ కూడా ఒకటని పెద్దలు లెక్కకట్టారు. ఆ కళ మన కళ్లముందే క్షీణిస్తుంటే అడిగే నాథుడు లేడు. ముఖ్యంగా ఉచిత వైఫైని నమ్ముకుని బతికే కళాకారుడి పరిస్థితి మరీ దయనీయం.

ఆయనకీ ఒక స్వర్ణయుగం ఉండేది. 2010లో ఫైర్‌షీప్ అని ఓ చిన్న ప్రోగ్రాం వచ్చింది. దాన్ని బ్రౌజర్‌కి తగిలించి కాఫీ షాపులో కూర్చుంటే చాలు, అదే వైఫై వాడుతున్న పక్క టేబుల్ మనిషి ఫేస్‌బుక్‌లోకి పాస్‌వర్డ్ లేకుండానే దూరిపోవచ్చు. ఆ తర్వాత సైట్లు దాదాపు అన్నీ వరసగా హెచ్‌టీటీపీఎస్‌కి, అంటే సమాచారానికి తాళం వేసి పంపే పద్ధతికి, మారిపోయాయి. ఇప్పుడు గాల్లో పోయేది పట్టుకున్నా, మీరు ఏ సైటుకి వెళ్లారో తెలుస్తుందే తప్ప అక్కడ ఏం టైప్ చేశారో తెలియదు. దాంతో కడుపు నిండుతుందా?

అయినా ఆయన పొయ్యిలో పిల్లి లేవక తప్పడం లేదంటే అది ప్రయాణికుల చలవే. విజయవాడ స్టేషన్లో చూడండి. సూట్‌కేసుకి గొలుసు వేసి, తాళం రెండుసార్లు లాగి చూసుకునే పెద్దమనిషి, ఫోన్‌లో 'ఫ్రీ' అని కనబడగానే నొక్కేస్తాడు. రోజుకి ఇన్ని జీబీలని రీచార్జి చేయించిన డేటా సగం అలాగే మిగిలి ఉంటుంది, అది వేరే సంగతి. స్టేషన్ అసలు వైఫై పేరు రైల్‌వైర్. ఫోన్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. అంత ఓపిక ఎవరికుంది? పక్కనే 'రైల్వే ఫ్రీ వైఫై' పిలుస్తోందాయె.

వైఫైకి పేరు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. జేబులోని ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి రైల్‌వైర్ అనే పెట్టుకున్నా ఆపేవాడు లేడు. పైగా ఒకసారి వాడిన పేరు మళ్లీ కనబడితే చాలా ఫోన్లు యజమానిని అడక్కుండానే కలిసిపోతాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటో కనెక్ట్ ఆపేసే కఠినాత్ములు కొందరున్నారు. వాళ్ల గురించి మాట్లాడటం నాకిష్టం లేదు.

ఇక అమెరికాలో పిల్లల దగ్గరికి బయల్దేరిన అమ్మానాన్నలు. దోహాలో దిగగానే 'చేరాం' అని మెసేజ్ పెట్టాలన్న టెన్షన్. ఆ సమయంలో వైఫై పేజీ జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగినా ఇచ్చేస్తారు. వైఫైకి జీమెయిల్ పాస్‌వర్డ్ ఎందుకయ్యా అని అడగడం మర్యాద కాదు కదా! ఈ పద్ధతి పనిచేస్తుందనే కాబోలు, విమానాశ్రయాల్లో, విమానాల్లో కూడా ఇలాంటి నకిలీ వైఫైలు పెట్టాడని 2024లో ఆస్ట్రేలియా పోలీసులు ఒకాయన మీద కేసు పెట్టారు. ఏదో తేడాగా ఉందని మొదట గమనించింది విమాన సిబ్బందేనట. కళాద్వేషులు!

బ్రౌజర్ కూడా తక్కువది కాదు. 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అని ఎర్రగా అడ్డం పడుతుంది. అదృష్టవశాత్తూ మనవాళ్లు సిగరెట్ పెట్టె మీద హెచ్చరికకి ఇచ్చేంత విలువే దానికీ ఇచ్చి, ముందుకే సాగుతారు.

నాకు భయం వేస్తున్నది మాత్రం సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే ఆ 1930 హెల్ప్‌లైన్‌ని చూసే. డబ్బు పోయిన వెంటనే ఫోన్ చేస్తే, అది చేతులు మారకముందే బ్యాంకులో ఆపించే అవకాశం ఉంటుందట. అందుకే తొందరపడొద్దని మనవి. ముందు బావగారికి చెప్పండి, ఆయన వాళ్ల ఆఫీసులో కంప్యూటర్ తెలిసిన కుర్రాణ్ణి కనుక్కుంటారు, ఆ కుర్రాడు సోమవారం గానీ దొరకడు.