వెళ్ళగొట్టినవారే వంశవృక్షం అడుగుతారా?

హిందూ మహాసముద్రంలో బ్రిటన్ పాలించిన చాగోస్ దీవుల్లో పుట్టినవారి సంతతి బ్రిటిష్ పౌరసత్వం నమోదు చేసుకునేందుకు 2022 నాటి చట్టం ఇచ్చిన అవకాశం వయోజనుల విషయంలో 2027 నవంబరు 22తో ముగిసిపోనుంది. మైనర్లకు కొంత వెసులుబాటు ఉన్నా, ఆ తేదీ తర్వాత పుట్టే బిడ్డలకు ఈ హక్కు అసలే లేదు. మారిషస్‌లోనూ సీషెల్స్‌లోనూ తరాల తరబడి పేదరికంలో మగ్గిన కుటుంబాలు తమ అమ్మమ్మో తాతో ఆ దీవుల్లోనే పుట్టారని జనన పత్రాలతో నిరూపించుకోవాలి. అడుగుతున్నది ఆ కుటుంబాలను ఓడలెక్కించి పంపేసిన ప్రభుత్వమే.

ఆ దీవుల్లో పెద్దదైన డియెగో గార్సియాను అమెరికా సైనిక స్థావరానికి అప్పగించేందుకు 1965లో చాగోస్‌ను మారిషస్ నుంచి విడదీసి, 1968-73 మధ్య కొబ్బరి తోటల కూలీలను బ్రిటన్ అక్కడి నుంచి తరలించింది. వారి పెంపుడు కుక్కలను సైతం పొగపెట్టి చంపించారు. ఆ జనం దీవుల్లోనే ఉండి ఉంటే వారి పిల్లలూ మనవలూ బ్రిటిష్ గడ్డమీదే పుట్టేవారు. ప్రవాసంలో పుట్టారు కాబట్టి, విదేశంలో పుట్టినవారికి పౌరసత్వం మామూలుగా ఒక తరంతోనే ఆగిపోతుందన్న నియమం వారి మెడకు చుట్టుకుంది. 2002 చట్టం దీవివాసులకు పూర్తి పౌరసత్వమిచ్చినా మనవల తరాన్ని వదిలేసింది. పైగా తల్లి ద్వారా హక్కు కోరేవారికి 1969 ఏప్రిల్ 26 అని గీత గీయడంతో, తమ్ముడికి దక్కిన హక్కు అంతకుముందు పుట్టిన అన్నకు దక్కలేదు.

పౌరసత్వాన్ని ఏ దేశమూ తరతరాలకూ పంచుతూ పోలేదనీ, 2022లో తప్పు దిద్దుకున్నామనీ బ్రిటన్ చెప్పుకోవచ్చు. కానీ స్వదేశం నుంచి ప్రభుత్వ కొలువుపై పంపిన అధికారికి విదేశంలో బిడ్డ పుడితే, ఆ బిడ్డకు బ్రిటన్‌లో పుట్టినవారితో సమానమైన పౌరసత్వం అదే దేశపు చట్టం ఇస్తోంది. ప్రభుత్వం పంపితే వెళ్ళిన అధికారి బిడ్డకు ఉన్న మన్నన, ప్రభుత్వం తరిమితే వెళ్ళిన కూలీ బిడ్డకు ఎందుకు లేకపోయింది?

ఈ ద్వంద్వనీతి కొత్తదేమీ కాదు. దీవులను ఖాళీ చేయించడం మొదలైన 1968లోనే, బ్రిటిష్ పాస్‌పోర్టులున్న కెన్యా ఆసియన్లను (అక్కడ స్థిరపడిన భారత ఉపఖండ సంతతివారిని) బ్రిటన్‌లోకి రాకుండా అడ్డుకునేందుకు, రావాలంటే తామో తల్లిదండ్రులో తాతలో బ్రిటన్‌లో పుట్టి లేదా అక్కడ పౌరసత్వం పొంది ఉండాలన్న చట్టాన్ని బ్రిటిష్ పార్లమెంటు కొద్ది రోజుల్లోనే హడావిడిగా ఆమోదించింది. అందులోని జాతి వివక్షను యూరోపియన్ మానవ హక్కుల కమిషన్ 1973లో తప్పుపట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టిన మన తాతలు బ్రిటిష్ ప్రజలుగా, నిజాం రాజ్యంలో పుట్టినవారు బ్రిటిష్ రక్షిత వ్యక్తులుగా లెక్కకెక్కారు. అయినా నేడు వంశం ఆధారంగా ఇచ్చే వీసాకు గుంటూరులో పుట్టిన తాత పనికిరాడు, గ్లాస్గోలో పుట్టిన తాతే కావాలి. పన్నులకూ చాకిరీకీ యుద్ధాలకూ రాజు ప్రజలైనవారు పాస్‌పోర్టు దగ్గరికి వచ్చేసరికి పరాయివారయ్యారు.

చాగోస్ సంతతికి పెట్టిన గడువును బ్రిటిష్ పార్లమెంటు వెంటనే ఎత్తివేయాలి. పుట్టుక నమోదులను వెతికి తీసే భారం ఆ దీవులను పాలించిన ప్రభుత్వమే మోయాలి. వెళ్ళగొట్టిననాడు ఎవరు ఎవరి బిడ్డో విచారించని అధికారులు, నేడు ఒక పత్రం తక్కువైందని వారి మనవలను గుమ్మంలో నిలబెట్టడానికి సిగ్గుపడాలి.