అరసవల్లికీ వరస మళ్ళీకీ మధ్య ఒక్క మార్కు

శ్రీకాకుళంలో గట్టు తగాదా వస్తే కొలవడానికి సర్వేయరున్నాడు, తేల్చడానికి కోర్టుంది. ఇద్దరు కుర్రాళ్లు బీటు మీద మూడు రౌండ్లు ఒకర్నొకరు మాటలతో తిట్టుకునే ర్యాప్ పోటీ తేల్చడానికి మాత్రం మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ముగ్గురు పెద్దమనుషులు, ఒక బిస్కెట్ల ప్లేటు చాలునని నిర్వాహకుల నమ్మకం. ఆ ముగ్గురిలో ఒకరు రిటైరైన తెలుగు మాస్టారు, ఒకరు చందా ఇచ్చిన షాపాయన, మూడో ఆయన ఎవరో రమ్మంటే వచ్చినవాడు. పందిరి వెనక రెండు వర్గాల మోటారు సైకిళ్లు స్టార్టింగులోనే ఉంటాయి గనక ఈ ధర్మాసనం పని తేలికేమీ కాదు.

పోటీదారుల్లో ఒకడికి గబగబ అని, రెండోవాడికి నింపాది అని పేరు పెట్టుకుందాం. బీటు నిమిషానికి 90 దెబ్బలు, నాలుగు దెబ్బలకొక బారు. అంటే బారుకి రెండున్నర సెకన్లు దాటి కొంచెం. ఒక్కో వంతుకి దక్కే 16 బార్లూ ముప్పావు నిమిషంలోపే అయిపోతాయి. గబగబ దెబ్బకి నాలుగక్షరాల చొప్పున బారంతా నింపేస్తాడు. నింపాది అందులో సగం అక్షరాలే వాడి, వాటినే సాగదీసి, మిగిలిన కాస్త చోటూ మన మొహాలు చూడ్డానికి ఖర్చు పెడతాడు. ఎవడు గొప్ప? ఈ తగువు మన పందిట్లో పుట్టింది కాదు. 1981 డిసెంబరులో న్యూయార్క్ హార్లెం వరల్డ్ క్లబ్బులో జనంతో కేకలు పెట్టించే ర్యాపర్ బిజీ బీ మీదికి, మాటలు పేర్చి కొట్టే ఇంకో ర్యాపర్ కూల్ మో డీ ఎక్కిన రోజు నుంచీ నడుస్తోంది. అక్కడ పేర్చినవాడిదే పైచేయి అయింది. దాన్ని పట్టుకుని ఇక్కడా గబగబకే ఇచ్చెయ్యడం కుదరదు, ఎందుకో చెప్తాను.

ముందు తాళం. రెండు చేతులు, రెండు కాళ్లు, తలతో ఏకకాలంలో ఐదు తాళాలు వేసిన ఆదిభట్ల నారాయణదాసు గారు 1919లో పెట్టిన విజయనగరం సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్. ఆ పక్క జిల్లాలో జడ్జీగా కూర్చునేవాడు ఒక్క బొటనవేలితో నాలుగు లెక్కపెట్టలేకపోతే బాగుండదు. బల్ల కింద వేలు ఆడిస్తూ ఉండండి. బారులో మొదటి దెబ్బ మీద మాట పడుతోందా, జారుతోందా అన్నది వేలికి తెలిసినట్టు చెవికి తెలియదు. గబగబ ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో కూడా కనిపెట్టండి. మాట నడుమ తీసుకుంటే అది వేగం కాదు, ఆయాసం.

తర్వాత ప్రాస. మన భాషలో అన్నిటికన్నా చవగ్గా దొరికే సరుకిది. వస్తాడు, చూస్తాడు, పోతాడు, ఛస్తాడు అంటూ పదహారు బార్లూ 'డు'తో ముగించి జబ్బలు చరుచుకునేవాడికి సున్నా వెయ్యండి. క్రియ వాక్యం చివర కూర్చోవడం తెలుగు అలవాటు, వాడి ప్రతిభ కాదు. ఆ మార్కులు వ్యాకరణానికి వెళ్లాలి. అసలు ప్రాస ఇలా ఉంటుంది. మూడో రౌండులో గబగబ మన అరసవల్లి సూర్యుడి గుడిని పట్టుకుని విసిరాడనుకోండి: 'కిరణం దూరే అరసవల్లి, నీకు నేర్పనా వరస మళ్ళీ'. అ-ర-స-వ-ల్లి, వ-ర-స-మ-ళ్ళీ: ఐదుకి ఐదక్షరాల్లోనూ అచ్చులు (చివరిదాంట్లో పొట్టీ పొడుగూ తేడా తప్ప) సరిపోయాయి, పైగా రెండో అక్షరం 'ర' కూడా కలిసింది. తెలుగు మాస్టారు 'ల'కీ 'ళ'కీ ప్రాస చెల్లుతుందా అని కళ్లజోడు సవరిస్తారు. సవరించుకోనివ్వండి, మైకులో ఆ తేడా ఎలాగూ వినబడదు.

ఇక నింపాది. వాడి చేతిలో గురజాడ వారి నడక ఉంటుంది. ముత్యాల సరాల్లో మూడు నాలుగు, మూడు నాలుగు, పాదానికి 14 మాత్రలు (లఘువుకి ఒకటి, గురువుకి రెండు). బీటు బారులో 16 పడతాయి. మిగిలిన రెండు మాత్రల్ని వాడు ఖాళీగా వదిలేస్తాడు. ఆ ఖాళీలోనే జనం నవ్వుతారు. గబగబ బారులో ఖాళీ లేదు గనక మొదటి పంచ్‌కి లేచిన ఈలల కింద వాడి రెండో పంచ్, మూడో పంచ్ నలిగిపోతాయి. పందిరి మొత్తం వాడిది మూడో వంతే వింటుంది. ఆ మిగతా రెండు వంతులకి మార్కులివ్వాలా వద్దా అన్నదే అసలు చిక్కు. ఇవ్వాలి, కానీ మీ చెవిన పడితేనే. అందుకే జడ్జీ కుర్చీ జనం మధ్యన కాదు, స్పీకరుకి దగ్గరగా ఉండాలి.

నింపాది యాసలో చెప్తాడు: 'సెప్పు', 'ఏటి', 'నాను'. భాష శుద్ధంగా లేదని మార్కు కొయ్యబోయే జడ్జీ ఒకడు ప్రతి పందిట్లోనూ ఉంటాడు. వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట ఈ జిల్లాలోనిదే. బస్సు ఛార్జీ ఇచ్చి ఆ జడ్జీని అక్కడిదాకా పంపి, పోటీ అయ్యాక వెనక్కి పిలిపించుకోవడం ఉత్తమం.

ఇంట్లో రాసుకొచ్చిందెంత, స్టేజీ మీద పుట్టిందెంత అన్నది పసిగట్టడానికి ఒక కిటుకు. వాడు తిట్టిన తిట్టులో ఎదుటివాడి పేరు తీసి మీ పేరు పెట్టి చూడండి. అప్పుడూ సరిపోతే అది ఎవడికైనా తగిలే రెడీమేడ్ తిట్టు, సగం మార్కే. కులం ఊసెత్తినా, ఇంట్లో ఆడవాళ్ల మీదికి పోయినా రౌండు మొత్తం పోయినట్టే. మర్చిపోయి నాలుగు దెబ్బలు ఆగి మళ్లీ అందుకుంటే క్షమించవచ్చు. రెండు బార్లు దిక్కులు చూస్తే కుదరదు.

ఇవన్నీ సౌండు బాక్సులవాడు దయతలిస్తేనే. మనవాళ్ల బాక్సుల్లో బేస్ గుండెల్ని ఊపేస్తుంది, 'స', 'త', 'ప'లని మింగేస్తుంది. దాని దెబ్బ గబగబకే ఎక్కువ. కుర్రాళ్లు వీడియోల్లో చూసి మైకు తలకాయని గుప్పిట్లో మూసి పట్టుకుంటారు. గొంతు ముద్దకడుతుంది, బాక్సు 'కూ' అని అరుస్తుంది. జాలీ కింద పట్టుకోమని ముందే చెప్పాలి, మాట తేటగా వినబడేదాకా బీటు చప్పుడు తగ్గించాలి.

మార్కులు రౌండుకి 10-9. నెగ్గినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది, అంతే. తొమ్మిదిన్నరలు, తొమ్మిదీ ముప్పావులు మిఠాయి కొట్లో తూకాలు. రౌండు ముగిసిన మరుక్షణం రాసి కాగితం మడిచెయ్యాలి. ఒకరితో ఒకరు మాట్లాడుకున్నాక రాస్తే ముగ్గురు జడ్జీలుండరు, గట్టిగా మాట్లాడేవాడొకడే ఉంటాడు. ఎవడు ముందనేది బొమ్మా బొరుసూ వెయ్యాలి. రెండోవాడికి జవాబు చెప్పే వీలుంటుంది, ఆఖర్న విన్నదే జనానికి గుర్తుంటుంది.

సరే, తీర్పు. మొదటి రౌండు గబగబది, రెండోది నింపాదిది. మూడోదాంట్లో ఆ అరసవల్లి బాణం పడ్డాక నింపాది మైకు కొంచెం దించి అన్నాడనుకోండి: 'సూరీడు గుళ్లోకి ఏడాదికి రెండుపాలే ఒస్తాడు. నీ పాటలోకి అర్థం ఒక్కపాలీ రానేదు బావూ.' ప్రాస లేదు, వేగం లేదు. కానీ ఎదుటివాడి మాటనే తీసుకుని అప్పటికప్పుడు తిరగేశాడు. అది ఇంట్లో రాసుకొచ్చేది కాదు. 29-28, నింపాదికి. ఐదక్షరాల ప్రాస ఓడిపోయినందుకు నాకూ బాధగానే ఉంది.

ఈలోగా ముఖ్య అతిథి మైకందుకుని 'ఇద్దరూ విజేతలే' అనబోతారు. ఆపండి. మొమెంటో ఒక్కటే చేయించారు. దాని మీద చందా ఇచ్చిన షాపు పేరు పెద్దక్షరాల్లో, 'విజేత' అన్నది చిన్నక్షరాల్లో ఉంటుంది, కుర్రాడి పేరుకి చోటు లేదు. వెనకవైపు స్కెచ్ పెన్నుతో రాయాలి. పెన్ను మీ స్కోరు కాగితాల దగ్గరే ఎక్కడో ఉండాలి, బిస్కెట్ల ప్లేటు కింద చూడండి.