హోమర్ కాలంలో ‘కెర్డోస్’

బైబిల్ కొత్త నిబంధనలో, పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక 1:21లో ‘చావైతే లాభము’ అని ఉంది. ఆ ‘లాభము’కు మూలమైన గ్రీకు మాట ‘కెర్డోస్’ కేవలం వర్తకుల మాట అని మీ వ్యాసంలో రాశారు. దాని చరిత్ర అంతకంటే పెద్దది. ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యాలలో దీని బహువచనానికి యుక్తులు, ఎత్తుగడలు అనే అర్థం కూడా ఉంది. నక్కను ‘కెర్డో’ అన్నదీ ఈ కుటుంబపు మాటతోనే.

కొత్త నిబంధనలో ఈ నామవాచకం మూడే చోట్ల వస్తుంది. తీతు 1:11లో అది నీచమైన లాభం. ఫిలిప్పీ 3:7 మాత్రం ఆగి చదవాలి. బెన్యామీను గోత్రం, పరిసయ్యుడన్న పేరు, ధర్మశాస్త్ర నిష్ఠ అన్నీ లెక్కపెట్టి, ఆ లాభాలను పౌలు బహువచనంలో చెబుతాడు. నష్టాన్ని, అంటే ‘జెమియా’ను, ఏకవచనంలో రాస్తాడు. అన్ని లాభాలూ కలిసి ఒకే నష్టం! మన తెలుగు అనువాదంలో ఇది కొంతవరకు నిలిచింది, సంతోషం. తర్వాతి వచనంలో క్రీస్తును ‘సంపాదించుకోవడం’ కూడా ‘కెర్డోస్’ ధాతువే. వ్యాసంలో దీన్నీ చేర్చండి.