ప్రైమర్ డబ్బా మీది లేబుల్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ లేబుల్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేము క్షేమం. మేము అంటే నేనూ, కొత్తగా రంగు వేద్దామని నేను పట్టుకున్న, వయసులో నాకంటే పెద్దదైన ఒక లారీ క్యాబినూ. తమరు కూడా డబ్బాకి గట్టిగానే అతుక్కుని ఉన్నారని తలుస్తాను. ఈ వ్యవహారంలో సరిగ్గా అతుక్కున్నది ఇప్పటివరకూ తమరొక్కరే.

తమరి మొదటి వాక్యం: 'శుభ్రమైన, పొడిగా ఉన్న లోహం మీద పూయవలెను.' ఎంత ప్రశాంతంగా సెలవిచ్చారండీ! చదివినవాడెవడైనా భోజనాల వేళకి పనైపోతుందనుకుంటాడు. ఇంతకీ ఆ లోహం ఎక్కడుంది స్వామీ? పైన రంగు. గీకితే ఇంకో రంగు. అదీ గీకితే లప్పం. తలుపు వెనక కింది మూలలో ఎవరో మహానుభావుడు సొట్ట తియ్యడం దండగనుకుని, వేలు మందాన లప్పం మెత్తి, మీద నిగనిగలాడే రంగు కొట్టి అమ్ముకున్నాడు. పైన పటారం, లోన లొటారం. లప్పం తడిని పీల్చుకుని రేకుకి అందిస్తూ ఉంటే, దాని వెనక తుప్పు తాపీగా తన పని తాను చేసుకుపోయింది. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే చాలు, అవతలికి దిగిపోయింది. ఆ కన్నం గుండా క్యాబిన్ లోపలి నేల కనబడుతోంది. తమరి లెక్కలో అది కూడా లోహమేనా? వెల్డింగు అన్న మాట తమరి కాగితంలో ఎక్కడా కనబడదేం?

ఇక గీకడం గురించి. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. కాబట్టి నీళ్లు పోస్తూ రుద్దాలి, మంచి మాస్కు పెట్టుకోవాలి. పోసిన నీళ్లు మళ్లీ తుప్పుకి పిలుపు, అది వేరే సంగతి. 'ఇసుక కొట్టించెయ్, గంటలో తేలిపోతుంది' అని సలహాలిచ్చే పెద్దలు దారి పొడుగునా ఉంటారు. టాపు మీద ఉన్న పల్చటి, వెడల్పాటి రేకుని గాలి ఒత్తిడితో చిమ్మే ఆ ఇసుక దెబ్బకి వదిలేస్తే వంకర్లు పోతుంది. ఆ తర్వాత దాన్ని సాపు చెయ్యడానికి సలహాదారులెవరూ రారు.

శుభ్రం చెయ్యడంలో కూడా ఒక వరస ఉంది. జిడ్డు ముందు తియ్యాలి, ఉప్పుకాగితం తర్వాత పట్టాలి. తిరగేస్తే ఆ జిడ్డంతా గీతల్లోకి దూరి కూర్చుంటుంది. జిడ్డు తీసే ద్రవాన్ని ఒక గుడ్డతో రాసి, ఆరిపోకముందే ఇంకో పొడి గుడ్డతో ఎత్తెయ్యాలి. వదిలేస్తే జిడ్డు కరిగి, పక్కకి జరిగి, మళ్లీ అక్కడే స్థిరపడుతుంది. ఎప్పుడో పూసిన పాలిష్ తాలూకు సిలికాన్ రవ్వంత మిగిలినా తడి రంగు అక్కడ గుండ్రంగా తప్పుకుంటుంది. పెయింటర్లు దాన్ని ఫిష్ ఐ అంటారు. ఇంత పనినీ తమరు 'శుభ్రమైన' అనే ఒక్క మాటలో పెట్టేశారు. ఆ పొదుపుకి జోహార్లు.

'పొడిగా' అన్నారు కదా, దాని సంగతీ చూద్దాం. తెల్లగా మెరిసే రేకుని ఒట్టి చేత్తో ముట్టుకుని వెళ్తే, గాలిలో తేమ ఉన్న రోజుల్లో మర్నాటికి అక్కడ అయిదు వేళ్ల ముద్రలూ నారింజ రంగులో తేలతాయి. పోలీసులకి కూడా అంత స్పష్టంగా దొరకవు. రేకు వేడి, గాలిలో తేమ నీటిచుక్కలై పట్టే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉండాలట. కంటికి కనబడని తేమని కొలవడం లేబుళ్లకి తేలిక, మనుషులకి కాదు.

పోనీ, రేకుని అంటిపెట్టుకునే మొదటి పూత, ఎపాక్సీ ప్రైమర్, పడింది. తుప్పుకి దారి మూసుకుంది. ఇక ప్రైమర్ అయిపోయిందనుకుంటే పొరపాటే. దాని మీద మందపాటి ప్రైమర్ కొట్టి, ఆరాక నల్లరంగు పల్చగా చల్లి, చెక్కకి కాగితం చుట్టి అటోసారి ఇటోసారి ఏటవాలుగా రుద్దాలి. నలుపు మిగిలినచోట పల్లం. రేకు బయటపడినచోట మిట్ట. నలుపంతా ఒకేసారి, సమానంగా పోయేదాకా మళ్లీ కొట్టడం, మళ్లీ రుద్దడం. 180 నంబరు కాగితంతో మొదలెట్టి 400 దాటేసరికి వేలిముద్రలు అరిగిపోతాయి. రేకు మీద ముద్రల సమస్య కూడా దాంతో తీరిపోతుంది. ఈ ఘట్టంలో నాకు తమరి మీద కోపం లేదు. ఎందుకంటే ఇదొక్కటే నిజంగా సుఖమైన పని. చెయ్యి టాపు మీద పోనిస్తే కళ్లకి అందని గుంట అరచేతికి తెలుస్తుంది. తమరు దీన్ని రాయకపోవడమే మంచిదైంది. రాస్తే 'అవసరమైతే రుద్దవలెను' అని ఉండేవారు.

ఒక్క ఫిర్యాదు మాత్రం గట్టిగా చేస్తున్నాను. 'అద్దంలాంటి మెరుపు' అన్న మాట తమరి చుట్టమైన రంగు డబ్బా ముందువైపు బెత్తెడంత అక్షరాల్లో ఉంటుంది. రంగు గట్టిపడటానికి అందులో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉన్నాయనీ, అవి పడకపోతే జీవితాంతం ఉబ్బసం అంటుకోవచ్చనీ, మామూలు మాస్కు మీద భరోసా పెట్టుకోకూడదనీ, బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగు ఉండాలనీ మాత్రం వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అదీ మూత తీసేటప్పుడు రంగు కారి కప్పేసే చోట. ఇంట్లో గేరేజీలో పని చేసుకునేవాడికి ముందు ఏది కనబడాలండీ, మెరుపా, ఊపిరా? వచ్చే ముద్రణలో ఆ రెండు అక్షరాల సైజులూ అటుదిటు మార్చమని మనవి.

ఇట్లు,
తమ విధేయుడు, ప్రస్తుతం బూడిదరంగులో ఉన్నవాడు.

తా.క.: 'రెండు కోట్లు సరిపోవును' అన్నారు. తలుపు సందులూ, డ్యాష్‌బోర్డు వెనకా, వానకాలువ అంచులూ లెక్కలోకి తీసుకున్నారా, లేక తమరు చూసిన లారీకి తలుపులే లేవా? తిరుగు టపాలో తెలపగలరు. రంగు డబ్బా ఇంకా మూత తియ్యలేదు.