ముగాబే కథని 2000లో మొదలుపెట్టకండి

ముగాబే గురించి తెలుగులో ఏ వీడియో చూసినా, ఏ పోస్టు చదివినా కథ ఒక్కటే. తెల్లవాళ్ల మీద పోరాడాడు, పదేళ్లు జైల్లో మగ్గాడు, జింబాబ్వేకి స్వాతంత్ర్యం తెచ్చాడు, ఇరవై ఏళ్లు బాగానే పాలించాడు. 2000లో తెల్ల రైతుల పొలాలు లాక్కోవడంతో అంతా నాశనమైంది. ఆఖర్న వంద ట్రిలియన్ డాలర్ల నోటు ఫొటో, దాని కింద నవ్వు ఎమోజీలు.

నాకు ఆ నోటు చూస్తే నవ్వు రాదు, ఆ "బాగానే పాలించాడు" అనే మాట చూస్తే కడుపు మండుతుంది. స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్లు నిండకముందే ఆ దేశపు పడమటి ప్రాంతం మటబెలెలాండ్‌లో ప్రభుత్వ సైన్యం తన పౌరుల్నే ఊళ్ల వెంట తిరిగి చంపింది. 1983 జనవరి నుంచి 1987 చివరి దాకా సాగిన ఆ హత్యాకాండని గుకురహుండి అంటారు. చనిపోయినవాళ్లు 20,000 దాకా ఉంటారని అంచనా. వాళ్లలో అత్యధికులు ఎన్డెబెలె మాట్లాడే పల్లెజనం. చేతిలో తుపాకీ లేనివాళ్లు.

ఇదెలా మొదలైందో చెప్పాలి. ఇయాన్ స్మిత్ తెల్లప్రభుత్వం మీద పోరాడిన పార్టీలు రెండు. ముగాబేది జాను, దానికి షోనా భాష మాట్లాడే ప్రాంతాల్లో బలం ఎక్కువ. జోషువా న్‌కోమోది జాపు, దానికి మటబెలెలాండ్‌లో పట్టు. రెండింటికీ వేరువేరు గెరిల్లా సైన్యాలు. 1980 ఎన్నికల్లో నల్లవారికి కేటాయించిన 80 సీట్లలో ముగాబే పార్టీ 57 గెలిచింది, న్‌కోమోకి 20 వచ్చాయి. న్‌కోమోని మంత్రివర్గంలోకి తీసుకున్నారు. 1982 ఫిబ్రవరిలో జాపుకి చెందిన పొలాల్లో ఆయుధాలు దొరికాయని చెప్పి తీసేశారు. ఆ పార్టీ సైనిక నాయకులు దుమిసో దబెంగ్వా, లుకౌట్ మసుకుల మీద దేశద్రోహం కేసు పెట్టారు. 1983లో కోర్టు నిర్దోషులని తేల్చింది. అయినా వదల్లేదు. అత్యవసర అధికారాల కింద మళ్లీ లోపల వేశారు. మసుకు 1986లో చనిపోయాడు.

ఆ అత్యవసర అధికారాలు ఎవరివి? ఇయాన్ స్మిత్‌వి. 1965లో తెల్లప్రభుత్వం ప్రకటించిన అత్యవసర పరిస్థితిని స్వతంత్ర జింబాబ్వే రద్దు చెయ్యలేదు. ఆరు నెలలకోసారి పార్లమెంటులో పొడిగించుకుంటూ 1990 జులై దాకా లాగింది. మనం 21 నెలల ఎమర్జెన్సీని ఇప్పటికీ తలుచుకుంటాం. వాళ్లు దాని కింద పాతికేళ్లు బతికారు. శాంతిభద్రతల పేరుతో 1960లో వచ్చిన చట్టం 2002 దాకా ఉంది. స్మిత్ దగ్గర గూఢచార సంస్థకి అధిపతిగా పనిచేసిన కెన్ ఫ్లవర్‌ని ముగాబే అదే కుర్చీలో కొనసాగించాడు. విచారణ లేకుండా తననీ న్‌కోమోనీ ఏళ్ల తరబడి నిర్బంధించిన యంత్రాంగం చేతికందింది. దాన్ని విప్పి పారెయ్యకుండా వాడుకున్నాడు. జెండా మారింది, దేశం పేరు మారింది, రాత్రిపూట తలుపు కొట్టే పద్ధతి మారలేదు. నన్నడిగితే జింబాబ్వే దారి తప్పింది ఇక్కడే, 2000లో కాదు.

ఇక ఐదో బ్రిగేడ్. 1980లో ముగాబే కిమ్ ఇల్ సంగ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. మరుసటేడు ఉత్తర కొరియా నుంచి శిక్షకులు వచ్చారు. వాళ్లు తయారుచేసిన ఈ దళం మామూలు సైనిక వ్యవస్థకి జవాబుదారీ కాదు, నేరుగా అప్పటి ప్రధాని ముగాబేకే లోబడి ఉండేది. దాని అధిపతి పెరెన్స్ షిరి. 1983 జనవరిలో మటబెలెలాండ్ ఉత్తర ప్రాంతంలో దిగగానే పని మొదలుపెట్టింది. ఊరందర్నీ బడి దగ్గరికో బోరింగు దగ్గరికో తోలుకొచ్చేవాళ్లు. కొట్టేవాళ్లు. కొందర్ని ఎంచి అందరి ముందూ కాల్చేవాళ్లు. చచ్చినవాళ్ల గోతుల మీద వాళ్ల బంధువుల చేతే జాను పార్టీ పాటలు పాడించి చిందులు తొక్కించేవాళ్లు. ఏడవడం కూడా నేరమే. మార్చి 5న లుపానే దగ్గర సెవాలే నది ఒడ్డున 62 మంది యువతీయువకుల్ని నిలబెట్టి కాల్చారు. 55 మంది చనిపోయారు.

1984లో దక్షిణ భాగానికి వచ్చారు. అది వరసగా మూడో కరువు సంవత్సరం. దుకాణాలు మూయించారు, తిండిగింజల లారీల్ని ఆపేశారు, కరువు సాయాన్ని నిలిపేశారు. సుమారు 4 లక్షల మందిని ఆకలితో లొంగదీసే ప్రయత్నం అది. మటోబో దగ్గర బలాగ్వే అనే శిబిరంలో వేలమందిని నిర్బంధించి హింసించారు. శవాల్ని రాత్రిళ్లు ఆంటిలోప్ అనే పాడుబడ్డ గనిలో పడేశారు. ఈ సంగతులు కేథలిక్ న్యాయ, శాంతి కమిషన్, అక్కడి న్యాయ సహాయ సంస్థ కలిసి బాధితుల నోటి నుంచి సేకరించి 1997లో నివేదికగా తెచ్చారు. ఎవరైనా చదవొచ్చు.

"తిరుగుబాటుదారులు ఉన్నారు కదా, దక్షిణాఫ్రికా జాత్యహంకార ప్రభుత్వం వాళ్లకి ఆయుధాలు ఇచ్చింది కదా" అని కొందరు మిత్రులు వాదిస్తారు. ఉన్నారు. వాళ్లూ సామాన్యుల్ని చంపారు. 1982లో ఆరుగురు విదేశీ పర్యాటకుల్ని ఎత్తుకెళ్లి చంపేశారు. దక్షిణాఫ్రికా వేలు పెట్టిన మాటా నిజమే. మరి 1988లో క్షమాభిక్ష ప్రకటిస్తే అడవి లోంచి బయటికొచ్చి లొంగిపోయినవాళ్లు ఎంతమంది? 122 మంది. ఆ 122 మంది కోసం ఒక ప్రాంతాన్నంతా ఆకలికి మాడ్చారా? న్‌కోమోకి ఓటేసిన జనాన్ని లొంగదీయడమే అసలు లక్ష్యమని ఆ ఒక్క అంకె చెబుతోంది. 1987 డిసెంబరు 22న న్‌కోమో ఐక్యతా ఒప్పందం మీద సంతకం చేశాడు, జాపు పార్టీ జానులో కలిసిపోయింది. హత్యలు ఆగాయి. వారం పది రోజుల్లోనే ముగాబే సర్వాధికారాలున్న అధ్యక్షుడయ్యాడు. తిరుగుబాటుదారులకి ఇచ్చిన క్షమాభిక్షే ఐదో బ్రిగేడ్ సైనికులకీ వర్తించింది. ఒక్కడికీ శిక్ష పడలేదు.

ముగాబే మీద ఎవరేమన్నా "పాశ్చాత్య ప్రచారం" అని కొట్టిపారేసేవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. వాళ్లు ఆ రోజుల్లో పాశ్చాత్య దేశాలు ఏం చేశాయో చూడాలి. 1983 ఈస్టరు నాటికే జింబాబ్వే బిషప్పులు బహిరంగంగా ఖండించారు, విదేశీ పత్రికల్లో వార్తలు వచ్చాయి. 1984లో లండన్ అబ్జర్వర్ సంపాదకుడు డొనాల్డ్ ట్రెల్ఫోర్డ్ స్వయంగా మటబెలెలాండ్ వెళ్లి రాశాడు. ఆ పత్రిక యజమానికి జింబాబ్వేలో పెద్ద వ్యాపారాలున్నాయి, సొంత సంపాదకుణ్ణే తప్పుపట్టి ముగాబేకి క్షమాపణ చెప్పాడు. అదే ఏడాది ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం ముగాబేకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1994లో బ్రిటన్ రాణి నైట్ బిరుదు ఇచ్చింది. డాక్టరేటు వెనక్కి తీసుకుంది 2007లో, బిరుదు 2008లో. అంటే పాశ్చాత్య దేశాలు ముగాబే మీద అబద్ధం ప్రచారం చెయ్యలేదు, అన్నిటికన్నా పెద్ద నిజాన్ని దాచిపెట్టాయి. తెల్ల రైతుల పొలాలు అప్పటికి భద్రంగా ఉన్నాయి, వ్యవసాయ మంత్రి కూడా తెల్లవాడే, దక్షిణాఫ్రికాకి చూపించడానికి ఒక సయోధ్య కథ కావాలి. లుపానే పల్లెల్లో చచ్చేవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు.

మనమూ తక్కువ తినలేదు. సెవాలే నది కాల్పులు జరిగిన రెండు రోజులకి, 1983 మార్చి 7న, ఢిల్లీలో అలీనోద్యమ శిఖరాగ్ర సభ మొదలైంది. తర్వాతి సభ 1986లో హరారేలో జరిగింది, అక్కడ రాజీవ్ గాంధీ నుంచి ముగాబే ఉద్యమ అధ్యక్ష పదవి అందుకున్నాడు. అంతర్జాతీయ అవగాహన పేరుతో ఇచ్చే నెహ్రూ పురస్కారం 1989కి గాను ఆయనకే ఇచ్చాం. వలస పాలన మీద పోరాడినవాడు అనే గౌరవం ఎంత గట్టిదో నాకు తెలుసు, నాలోనూ ఉంది. కానీ ఆ గౌరవాన్ని చంపడానికి అనుమతిపత్రంగా ఎందుకు మార్చాం?

భూమి సంగతి కూడా చెప్తాను, లేకపోతే నన్ను తెల్ల రైతుల వకీలు అంటారు. 1930 చట్టంతో మంచి నేలల్ని తెల్లవాళ్లకి రాసిచ్చి నల్లవాళ్లని రాళ్లనేలల్లోకి తోశారు. అది దోపిడీ, ఆ భూమి తిరిగి రావాల్సిందే. కానీ ముగాబేకి ఆ తొందర 2000 ఫిబ్రవరిలో రాజ్యాంగ రిఫరెండం ఓడిపోయాకే ఎక్కువగా పుట్టింది. ప్రతిపక్షాన్ని కొట్టడానికి మటబెలెలాండ్‌లో నేర్చిన పద్ధతులే దేశమంతా పాకాయి. 2008 మార్చి అధ్యక్ష ఎన్నికల్లో ప్రతిపక్ష నేత స్వాంగిరాయ్ కంటే తక్కువ ఓట్లు వచ్చినప్పుడు పల్లెల మీద పడి కొట్టారు, చంపారు. రెండో విడత పోటీ నుంచి స్వాంగిరాయ్ తప్పుకున్నాడు. ప్రపంచానికి కొత్తగా కనిపించిన ఆ హింస మటబెలెలాండ్ ముఖ్య నగరం బులవాయో వాళ్లకి పాతదే.

ఇప్పుడు అధికారంలో ఎవరున్నారు? 2017 నవంబరులో సైన్యం ముగాబేని దింపి ఎమర్సన్ మ్నంగాగ్వాని కూర్చోబెట్టింది. గుకురహుండి రోజుల్లో భద్రతా మంత్రి ఆయనే. షిరి వైమానిక దళాధిపతిగా పాతికేళ్లు ఉండి, వ్యవసాయ మంత్రి అయి, 2020లో చనిపోతే జాతీయ వీరుల శ్మశానంలో గౌరవంగా పూడ్చారు. బలాగ్వేలో చనిపోయినవాళ్ల పేరిట పౌరులు పెట్టుకున్న స్మారక ఫలకాన్ని పేల్చేశారు. 2010లో బులవాయోలో గుకురహుండి మీద చిత్రాలు ప్రదర్శించిన ఓవెన్ మసెకోని అరెస్టు చేసి ప్రదర్శన మూయించారు. తండ్రి ఎవరో, ఎప్పుడు పోయాడో కాగితం చూపించలేక జనన ధ్రువపత్రం దొరకని పిల్లలు అక్కడే పెరిగి నడివయసు వాళ్లయ్యారు.

2024లో మ్నంగాగ్వా సంప్రదాయ గ్రామపెద్దల ద్వారా బాధితుల గోడు వినే కార్యక్రమం ఒకటి ప్రారంభించాడు. ఆ పెద్దలకి జీతాలు ఇచ్చేది ప్రభుత్వమే. నేను దాన్ని విచారణ అనను. నిజంగా నిజం చెప్పాలనుంటే చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈ హత్యల మీద 1983లో ముగాబేయే చిహాంబక్వే కమిషన్‌ని వేశాడు. అది జనాన్ని విచారించింది, నివేదిక ఇచ్చింది. దాన్ని ఇంతవరకూ బయటపెట్టలేదు. ముందు అది అచ్చువేయించమనండి. మ్నంగాగ్వా ఆ పని చేస్తాడన్న నమ్మకం నాకు లేదు. రాజ్యాంగం ప్రకారం 2028లో దిగిపోవాల్సిన మనిషిని 2030 దాకా ఉంచాలని 2025 అక్టోబరులో ముటారేలో జరిగిన పార్టీ మహాసభ తీర్మానించింది.