గ్రీన్‌లాండ్ వైకింగ్ రైతులు చేపలు తినక చచ్చారా?

ఈ మధ్య గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "గ్రీన్‌లాండ్ ఒకప్పుడు మంచే లేని పచ్చటి దేశం. వైకింగ్‌లు అక్కడ గోధుమలు పండించారు. చలి ముంచుకొచ్చినా పంతం వదల్లేదు. చేపలు తినడం నామోషీ అనుకున్నారు. పక్కనే ఉన్న ఇన్యూట్‌ల (ఆర్కిటిక్ మంచు ప్రాంతపు స్థానిక వేటగాళ్ళ) దగ్గర ఏమీ నేర్చుకోలేదు. రాత్రికి రాత్రే తుడిచిపెట్టుకుపోయారు. మారని జాతికి ఇదే గతి." ఆ చివరి వాక్యం కోసమే మిగతాదంతా అల్లారని చదవగానే తెలిసిపోతుంది. అక్కడ తవ్వితే బయటపడ్డ ఇళ్ళు, కొట్టాలు, పెంటదిబ్బలు చెప్పేది మాత్రం వేరు. ఒక్కో ముక్కే చూద్దాం.

మంచే లేదన్న మాటతో మొదలుపెడదాం. వైకింగ్ నాయకుడు ఎరిక్ ద రెడ్ మనుషుల్ని వెంటేసుకుని అక్కడ దిగింది 985 ప్రాంతంలో. గ్రీన్‌లాండ్ నడిబొడ్డు నుంచి శాస్త్రవేత్తలు తొలిచి తీసిన మంచులో లక్ష ఏళ్ళ నాటి పొరలున్నాయి. అంటే ఎరిక్ వచ్చేసరికే ఆ మంచు అక్కడ ఉంది. వాళ్ళు ఇళ్ళు కట్టుకుంది నైరుతి తీరంలో, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఫ్యోర్డుల ఒడ్డున. పొట్టి విల్లో, బర్చ్ పొదలు, వాటి మధ్య గడ్డి ఉన్న బీళ్ళవి. ఇప్పటికీ వేసవిలో పచ్చగానే ఉంటాయి. ఎరిక్ కాపురమున్న చోటే, ఇప్పటి కాసియార్సుక్‌లో, 1924 నుంచి గ్రీన్‌లాండ్ ఇన్యూట్ కుటుంబాలు గొర్రెలు పెంచుకుంటున్నాయి. ఆ చుట్టుపక్కల పొలాలన్నిటినీ 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. పచ్చదనం మాయమైపోయిందంటున్న మెసేజ్ రాసినాయన ఓసారి ఆ ఫొటోలు చూస్తే బాగుండు.

గోధుమల సంగతి ఇంకా విచిత్రం. 1250 ప్రాంతంలో నార్వేలో రాసిన ఓ గ్రంథం, గ్రీన్‌లాండ్‌లో చాలామంది రొట్టె అంటే ఏమిటో చూసి కూడా ఎరగరని చెబుతుంది. డబ్బున్నవాళ్ళు కొందరు విత్తనం వేసి చూశారట. ఓ పెంటదిబ్బలో మాడిన బార్లీ గింజలు దొరికిన మాట నిజమే, కాని అవి గుప్పెడు కూడా ఉండవు. వాళ్ళ అసలు పంట ఎండుగడ్డి. గ్రీన్‌లాండ్ బిషప్ ఉండే గార్డార్‌లో ఆయన కొట్టాల్లో దాదాపు వంద ఆవులు పట్టేవి. వాటి మేత కోసం గడ్డి మళ్ళకు కాలవలు తీసి నీళ్ళు పెట్టారు. ఏడాదిలో సగానికి పైగా పశువుల్ని కొట్టంలోనే ఉంచి మేపాలి కాబట్టి, వేసవిలో కోసిన గడ్డి ఎంతో ఆ ఊరి బతుకు అంత.

ఇక చేపలు. ఈ మాట పూర్తిగా గాల్లోంచి పుట్టలేదు. ఆ పొలాల పెంటదిబ్బల్లో చేప ముళ్ళు నిజంగానే చాలా తక్కువ. ముల్లు మట్టిలో నిలవదని కొందరు, అసలు పట్టిందే తక్కువని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. దాన్ని పట్టుకుని "సముద్రం తిండి ముట్టలేదు" అనేశారు. కానీ అవే దిబ్బల్లో సీల్ అనే సముద్ర జంతువు ఎముకలు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి. కాలం గడిచేకొద్దీ వాటి వాటా పెరిగింది. సముద్రానికి దూరంగా ఉన్న పొలాల్లో కూడా సీల్ ఎముకలు దొరికాయి. అంటే అంత దూరం మోసుకెళ్ళి మరీ తిన్నారన్నమాట. వలస సీల్ గుంపులు తీరానికి వచ్చేది వసంతంలో. సరిగ్గా కొట్టంలో గడ్డి, ఇంట్లో పాడి నిల్వలు అడుగంటే వేళ.

దీనికి మనుషుల ఎముకలే సాక్ష్యం. మనం తిన్న తిండి నేలదా, సముద్రానిదా అన్నది ఎముకలోని కార్బన్ ఐసోటోపుల (బరువు తేడా ఉన్న కార్బన్ పరమాణువుల) నిష్పత్తితో తెలుస్తుంది. చర్చి సమాధుల్లోని 27 మంది ఎముకల్ని పరీక్షించి 1999లో ఫలితాలు ప్రకటించారు. తొలి తరాల తిండిలో సముద్రం వాటా సుమారు 20 శాతం. చివరి తరాలకొచ్చేసరికి అది 80 శాతం దాకా వెళ్ళింది. నాలుగువందల ఏళ్ళలో కంచంలోది ఇంతలా మార్చుకున్నవాళ్ళని "మారని జాతి" అనడానికి నోరెలా వచ్చిందో.

కంచమే కాదు, ఇల్లూ మారింది. 1990లో గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌కు తూర్పున, బాగా లోతట్టున, ఇద్దరు వేటగాళ్ళు ఓ ఏటి గట్టులోంచి దుంగలు పొడుచుకొచ్చి ఉండటం చూశారు. పెద్ద చెట్లే లేని నేలలో దుంగలా? తవ్వితే ఇసుక కింద పొలం ఇల్లు బయటపడింది. ఏరు కోసేస్తుంటే 1991 నుంచి 1996 దాకా టెన్షన్ మధ్యే తవ్వారు. దాని పేరు కూడా 'ఇసుక కింది పొలం'గానే స్థిరపడింది. మొదట అక్కడ గడ్డిపెళ్ళల గోడలతో ఒకే ఒక పొడవాటి హాలు ఉండేది. తర్వాతి తరాలు పడగొట్టి, మళ్ళీ కట్టి, చివరికి గదికి గది ఆనించి, మనుషుల గదుల పక్కనే పశువుల కొట్టాలు పెట్టుకున్నాయి. చలిలో పశువుల ఒంటి వేడి కూడా వృథా పోదు.

ఇన్యూట్‌ల దగ్గర నేర్చుకోలేదన్నది కొంతవరకు ఒప్పుకోవాలి. వాళ్ళ తరహా హార్పూన్లు (సముద్ర జంతువుల్ని వేటాడే బల్లేలు) నార్స్ వాళ్ళ, అంటే ఈ వైకింగ్ రైతుల, పొలాల్లో దొరకలేదు. కానీ దాన్ని అహంకారం అనేయడం మన ఊహ. బట్టల విషయంలో మాత్రం నార్స్ వాళ్ళు యూరప్‌నే చూశారు. 1921లో వాళ్ళ హెర్యోల్ఫ్స్‌నెస్ శ్మశానంలో డెన్మార్క్ పురావస్తు పరిశోధకుడు పౌల్ నోర్లుండ్ తవ్వినప్పుడు, గడ్డకట్టిన నేలలో ఉన్ని గౌన్లు, వెనక పొడవాటి తోక వేలాడే తలముసుగులు చెక్కుచెదరకుండా దొరికాయి. అప్పట్లో యూరప్‌లో నడుస్తున్న ఫ్యాషనే అది. సొంత గొర్రెల ఉన్నితో నేసి, కుట్టుకున్నారు. అక్కడి అస్థిపంజరాల్ని చూసే అప్పట్లో "తిండి లేక గిడసబారిన జాతి" అని రాశారు. మట్టిలో పాడైన ఎముకల్ని సరిగా చదవలేదని తర్వాత పరీక్షించినవాళ్ళు తేల్చారు. కాని పాత మాట వందేళ్ళయినా ఫార్వర్డ్ అవుతూనే ఉంది.

ఆకలి చావులే లేవా అంటే, అలా అనను. నార్స్ వాళ్ళ రెండు స్థావరాల్లో ఒకటైన, నూక్ వైపున్న పశ్చిమ సెటిల్‌మెంట్‌లోని నిపాట్సోక్ పొలంలో చిట్టచివరి పొరలో వేటకుక్కల ఎముకలు దొరికాయి, వాటి మీద కత్తిగాట్లున్నాయి. పక్కన ఆవుల గిట్టలు, లేత దూడల ఎముకలు. వేటకుక్కనీ పాడి దూడనీ కోసుకున్న ఇంటికి ఆ చలికాలం ఎలా గడిచిందో వేరే చెప్పక్కర్లేదు. అది ఒక పొలం కథ. దాన్ని వందల పొలాలకు అంటగట్టడమే తప్పు. ఇవార్ బార్దర్సన్ అనే చర్చి అధికారి 1300ల మధ్యలో అటు వెళ్ళి మనుషులే లేరు, పశువులే తిరుగుతున్నాయని చెప్పాడు. కానీ అదే ప్రాంతంలోని 'ఇసుక కింది పొలం'లో 1400 ప్రాంతం దాకా మనుషులున్నారు.

చలి ఒక్కటే కారణమన్నదీ నిలవదు. దక్షిణాన ఓ పొలం పక్కన చెరువు మట్టిని చదివి 2022లో ప్రకటించిన అధ్యయనం, అక్కడ చలి అంతగా ముదరలేదనీ, నేల మాత్రం ఎండిపోతూ వచ్చిందనీ చెప్పింది. గడ్డి మీద బతికేవాళ్ళకు అది చలికన్నా పెద్ద దెబ్బ. పైగా మంచు పెరిగిన బరువుకు తీరం కుంగి, ఆ శతాబ్దాల్లో సముద్రం సుమారు 3 మీటర్లు పైకొచ్చిందని 2023 లెక్క. మంచి గడ్డి నేలంతా ఒడ్డునే కదా. 1349లో ప్లేగు నార్వేని ఊడ్చేసింది. వీళ్ళు వేటాడిన వాల్రస్ (పొడవాటి దంతాలున్న సముద్ర జంతువు) దంతాలు కొనేవాళ్ళు, ఓడలు పంపేవాళ్ళు అక్కడివాళ్ళే.

మిగిలింది "రాత్రికి రాత్రే". 1408 సెప్టెంబరులో గ్రీన్‌లాండ్‌లోని హ్వాల్సే చర్చిలో థోర్‌స్టెయిన్ ఓలాఫ్సన్‌కు సిగ్రిడ్ బ్యోర్న్స్‌దోత్తిర్‌తో పెళ్ళయింది. మూడు ఆదివారాలు ముందుగా చర్చిలో ప్రకటించి, పదిమంది ఎదుట, పద్ధతిగా చేశారు. ఆ రాతి చర్చి గోడలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. గ్రీన్‌లాండ్ నార్స్ వాళ్ళ గురించి చివరి లిఖిత వార్త ఇదే. ఈ పెళ్ళి మనకెలా తెలిసిందంటే, ఆ జంట ఐస్‌లాండ్‌కు వెళ్ళి స్థిరపడింది, పెళ్ళి చూసిన మనుషులు 1424లో అక్కడ సాక్ష్యం రాసిచ్చారు. పొలాల్లో విలువైన సామాను పెద్దగా దొరకకపోవడానికి కారణం కూడా ఇదే అయ్యుండొచ్చు: పడవెక్కగలిగినవాళ్ళు సామాను సర్దుకునే వెళ్ళారు.